మూడో వాటా

మా ఇంట్లో త్రిపురాంతకం అంటే మొక్కు. పురుడు సుఖంగా జరిగితే ఒకసారి, పిల్లాడికి జ్వరం తగ్గితే ఒకసారి, బోరులో నీళ్ళు పడితే ఒకసారి. కురిచేడులో పొద్దున్నే బండి తీస్తే మధ్యాహ్నం అన్నం వేళకి ఇల్లు చేరే దూరం. కింద చెరువులో బాలా త్రిపురసుందరి, పైన కొండ మీద త్రిపురాంతకేశ్వరుడు. అమ్మవారి దగ్గర జనం, అయ్యవారి దగ్గర గాలి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలున్నాయని, తూర్పు ద్వారం ఇదేనని అందరికీ తెలుసు. మిగతావి సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరం. మొక్కు తీరాక ఎవరూ అంతకంటే అడగరు. నేనూ చాలా ఏళ్ళు అడగలేదు.

ఆ కొండ మీద అక్షరాలున్న రాళ్ళు చాలా ఉన్నాయి. 1948లో అచ్చయిన దక్షిణభారత శాసనాల పదో సంపుటం తెరిస్తే త్రిపురాంతకం పేరు మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. కాకతీయులు, వాళ్ళ కింద పనిచేసిన కాయస్థ సేనానులు, వాళ్ళకి ఎదురు తిరిగినవాళ్ళు, అందరూ ఇక్కడ రాయించారు. కాయస్థ అంబదేవుడు ఓరుగల్లు మీద తిరగబడి, తాను ఎవరెవర్ని ఓడించాడో 1290లో ఇక్కడే చెక్కించుకున్నాడు. మరుసటేడే కాకతీయుల మనుషులు మళ్ళీ ఇదే గుడికి దానాలు రాశారు. నల్లమల అంచు మీద ఈ గుడి ఎవరి చేతిలో ఉంటే ఈ ప్రాంతం వాళ్ళదని లెక్క.

ఆ శాసనాల్లో నన్ను ఆపిన మాట ‘గోళకీ మఠం’. ఇక్కడ ఆ శాఖ మఠం ఒకటి ఉండేది. శైవాచార్యులు, శిష్యులు, భోజనశాల, మాన్యం భూములు. ఇప్పుడు కొండెక్కే భక్తుల్లో ఆ మఠం పేరు విన్నవాళ్ళు దొరకడం కష్టం. గుడి ఉంది, మొక్కు ఉంది, జాతర ఉంది. మఠం మాత్రం మాటల్లోంచి కూడా పోయింది. ఒకే కొండ మీద ఒకటి బతికి ఇంకొకటి ఎందుకు పోయింది అన్న ప్రశ్న పట్టుకుని నేను త్రిపురాంతకం నుంచి కృష్ణ ఒడ్డు దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఎందుకంటే గోళకీ మఠం గురించి అన్నిటికంటే వివరంగా చెప్పే రాయి అక్కడుంది. గుంటూరు జిల్లా తుళ్ళూరు మండలం, మల్కాపురం.

ముందు మఠం పుట్టుక. కథ జబల్పూరు వైపు మొదలవుతుంది. గంగకీ నర్మదకీ మధ్య ఉన్న ప్రాంతాన్ని అప్పట్లో డాహల దేశం అనేవాళ్ళు, ఏలినవాళ్ళు కలచురులు. అక్కడ యువరాజదేవుడనే రాజు సద్భావశంభువు అనే శైవాచార్యుడికి మూడు లక్షల గ్రామాలు ఇచ్చాడని, ఆయన వాటిని పెట్టి గోళకీ మఠం కట్టాడని మల్కాపురం శాసనం చెబుతుంది. మూడు లక్షలన్నది శాసనకవి చేతివాటం అయినా కావచ్చు. మఠం పెద్దదన్నది మాత్రం నిజం. గోళం అంటే గుండ్రం. నర్మద ఒడ్డున భేడాఘాట్‌లో గుండ్రంగా కట్టిన చౌసఠ్ యోగిని గుడి ఇప్పటికీ ఉంది, ఆ మఠం అదేనని కొందరు చరిత్రకారులు, కాదు రేవా దగ్గరి గుర్గి అని మరికొందరు. ఆ వరసలో సోమశంభువు అనే ఆచార్యుడు రాసిన పద్ధతి గ్రంథం శైవాగమ పూజావిధానాలకు దేశమంతటా ప్రమాణమైంది. ఆ గురుపరంపరలోనే తర్వాత విశ్వేశ్వరశంభువు వచ్చాడు. ఈయనది గౌడదేశం, దక్షిణ రాఢలో పూర్వగ్రామం. అంటే నేటి బెంగాల్. ఈ బెంగాలీ సన్యాసి కాకతి గణపతిదేవుడికి శివదీక్ష ఇచ్చిన గురువయ్యాడు.

గణపతిదేవుడు తన గురువుకి కృష్ణ దక్షిణపు ఒడ్డున మందడం గ్రామం ఇస్తానని నోటిమాటగా ఇచ్చాడు. కూతురు రుద్రమదేవి ఆ మాట నిలబెట్టింది. శక సంవత్సరం 1183, అంటే క్రీ.శ. 1261లో మందడంతో పాటు వెలగపూడిని, నదిలోని లంకల్ని కూడా కలిపి రాసిచ్చింది. శాసనంలో ఆ ఊళ్ళ పేర్లు మందరం, వెలంగపూండి. విశ్వేశ్వరశంభువు అక్కడ గుడి, మఠం, సత్రం కట్టాడు. అరవై ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాల్ని రప్పించి స్థిరపరిచాడు. ఊరికి విశ్వేశ్వర గోళకి అని పేరు పెట్టాడు. ఇవన్నీ నంది కూర్చున్న ఒక ఎత్తైన రాతి స్తంభం మీద సంస్కృతంలో, కొంత తెలుగులో చెక్కించాడు. జె. రామయ్య పంతులు దాన్ని చదివి 1930లో ఆంధ్ర ఇతిహాస పరిశోధక మండలి పత్రికలో అచ్చు వేయించారు.

దానశాసనాలు చదివే అలవాటున్నవాళ్ళకి ఒక సంగతి తెలుసు. చాలావాటిలో రాజవంశ స్తుతి బారెడు, ఇచ్చింది ఎంతో రెండు ముక్కలు, చివర్లో ఈ ధర్మం చెడగొట్టినవాడు గంగ ఒడ్డున గోహత్య చేసిన పాపాన పోతాడని ఒక శాపం. మల్కాపురం శాసనంలోనూ వంశాల పొగడ్త ఉంది. కానీ తర్వాత అది లెక్కలోకి దిగుతుంది. చదువుతుంటే ఒక సంస్థ నడవడానికి రాసుకున్న కాగితంలా ఉంటుంది.

మొత్తం ఆదాయం మూడు వాటాలు. మొదటి వాటా విశ్వేశ్వరస్వామి గుడికి. రెండోది విద్యార్థులకీ శుద్ధశైవ మఠానికీ. మూడో వాటా ప్రసూతిశాలకి, ఆరోగ్యశాలకి, విప్రసత్రానికి. తర్వాత జీతగాళ్ళ జాబితా. ఋగ్యజుస్సామ వేదాలు చెప్పడానికి ముగ్గురు. తర్కం, వ్యాకరణం, సాహిత్యం, ఆగమం లాంటివి చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. గుళ్ళో పదిమంది నర్తకులు, ఎనిమిది మంది మద్దెల వాయించేవాళ్ళు, పద్నాలుగురు పాడే ఆడవాళ్ళు, కాశ్మీరదేశం నుంచి వచ్చిన ఒక కళాకారుడు. మఠానికీ సత్రానికీ వంటవాళ్ళు, పనివాళ్ళు. ఊరికి కావలసిన కంసాలి, కంచరి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, రాతిపనివాడు, మేదరి, మంగలి. ఊరికి కాపలా చోళదేశం నుంచి తెచ్చిన వీరభద్రులు. ఈ వీరభద్రులు తల, పొట్ట, అండాలు కోయడంలో నేర్పరులని శాసనం చెబుతుంది. అది తప్పు చేసినవాడికి వేసే శిక్షా, లేక వీరశైవుల ఆత్మార్పణ లాంటిదా అని పండితులు రెండు రకాలుగా చదివారు. ఏ రకంగా చదివినా ఈ మఠాన్ని శాంతినిలయంగా ఊహించుకుంటే కుదరదని అర్థమవుతుంది.

బెంగాల్ గురువు, కాశ్మీర్ కళాకారుడు, చోళదేశపు కాపలాదార్లు, ద్రావిడ బ్రాహ్మణులు, ఓరుగల్లు రాణి. ఏడువందల అరవై ఏళ్ళ కిందట కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. నేను పనిచేసే ఆఫీసులో ఫ్లోర్ మొత్తం కలిపినా ఇంత దూరాల నుంచి వచ్చినవాళ్ళు కనబడరు.

ఈ శాసనంలోంచి వాట్సాప్ దాకా వచ్చింది మాత్రం ఒక్క మాట: ప్రసూతిశాల. ‘పదమూడో శతాబ్దంలోనే మన రుద్రమ ప్రసూతి ఆసుపత్రి కట్టించింది, అప్పుడు మిగతా ప్రపంచం ఏం చేస్తోంది’ అన్న ధోరణిలో, రాణి బొమ్మ మీద పసుపు అక్షరాలతో, ఏడాదికి రెండుసార్లయినా మా చుట్టాల గ్రూపులో పడుతుంది. కింద చేతులు జోడించిన బొమ్మలు. ఆ సమాచారం ముప్పావు వంతు నిజం. మిగతా ప్రపంచం కూడా ఊరుకోలేదు. అదే శతాబ్దం చివర్లో, 1284–85లో, కైరోలో మన్సూరీ ఆసుపత్రి లేచింది. అయినా ఆ రాతి మీద ఆ మాట ఉంది, దానికి ఖర్చు ఎక్కణ్ణుంచి రావాలో కూడా ఉంది. నాకు ఇబ్బంది ఆ గర్వంతో కాదు. గర్వపడి అక్కడితో ఫోను పక్కన పెట్టేయడంతో.

మా నాయనమ్మ ఎనిమిది కాన్పులు ఇంట్లోనే కన్నది. ఐదుగురు మిగిలారు. పోయిన ముగ్గురిలో ఒకరు ఊరి పొలిమేర దాటని ఎడ్లబండిలో పోయారట. ఆ సంగతి ఆమె ఏడుస్తూ చెప్పేది కాదు, వాన పడని సంవత్సరం గురించి చెప్పినట్టు చెప్పేది. “అప్పుడు ఆస్పత్రి ఏడుంది నాయనా, వినుకొండ పోవాల. బండి కట్టేసరికే అయిపాయ” అనేది. నన్ను కనడానికి మా అమ్మని ప్యాసింజర్ రైల్లో వినుకొండ తీసుకెళ్ళారు. ఆ రోజు రైలు టైముకి వచ్చింది. మా ఇంట్లో నా పుట్టుక గురించి చెప్పేటప్పుడు డాక్టరు పేరు ఎవరికీ గుర్తుండదు, రైలు టైముకి రావడం మాత్రం అందరికీ గుర్తు. ఆ సంవత్సరం త్రిపురాంతకం మొక్కు చెల్లించారు.

అంటే గోళకీ మఠం ఉన్న ఆ కొండకే, ప్రసూతిశాలకి వాటా రాసిన ఆ పరంపర వాళ్ళు ఒకప్పుడు కూర్చున్న చోటికే, ఏడు శతాబ్దాల తర్వాత మా అమ్మ రైలు టైముకి వచ్చినందుకు దండం పెట్టుకోవడానికి వెళ్ళింది. ఇది తెలిశాక ఆ ఫార్వర్డు చూసి చేతులు జోడించే బొమ్మ పెట్టడం నావల్ల కాలేదు. ఒకప్పుడు ఉండేది అన్న మాటలోనే మధ్యలో పోయింది అన్న సంగతి కూడా ఉంది. ఎలా పోయిందో అడగాలి.

దానికంటే ముందు, ఆ జాబితాలో ఎవరు లేరో కూడా చూడాలి.

వేదపండితుల సంఖ్య ఉంది, మద్దెల వాయించేవాళ్ళ సంఖ్య ఉంది, వంటవాళ్ళ సంఖ్య ఉంది. మందడం, వెలగపూడి పొలాల్లో నాగలి పట్టినవాళ్ళు ఎంతమంది? ఆ లెక్క జీతగాళ్ళ వరసలో లేదు. వాళ్ళు ఊరితో పాటు వచ్చేశారు. గ్రామాన్ని దానమిచ్చారంటే ఆ గ్రామం మీద వచ్చే పన్నులు, పంటలో రాజభాగం ఇచ్చారని అర్థం. అది పుట్టించేది ఆ నాగళ్ళే. మూడు వాటాలు చేసే ముందు ఆ మొత్తాన్ని పండించినవాళ్ళకి రాతి మీద చోటు లేదు. ప్రసూతిశాల వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ కోసమా, అరవై అగ్రహారపు ఇళ్ళ కోసమా? రాయి ‘ప్రసూతిశాల’ అని ఊరుకుంది. అయితే అదే రాయి ఇంకో మాట చెప్పింది. సత్రం దగ్గరికి బ్రాహ్మడు మొదలు చండాలుడి దాకా ఎవరు ఏ వేళ ఆకలితో వచ్చినా అన్నం పెట్టాలి, ఆపకూడదు అని. ఒకవైపు విప్రసత్రం, ఒకవైపు అందరికీ అన్నం. ఈ రెంటిలో ఒకదాన్నే ఏరుకుని మఠాన్ని ఆకాశానికెత్తొచ్చు, ఇంకోదాన్నే ఏరుకుని తిట్టొచ్చు. రాసినవాళ్ళు రెండూ ఒకే స్తంభం మీద రాశారు. వాళ్ళ లోకంలో ఆ రెండూ ఒకేచోట ఇమిడాయి. మనం చదవాల్సింది ఆ ఇమిడికనే అనిపిస్తుంది నాకు.

ఈ మాట పాతదని పక్కన పెట్టడానికి కూడా లేదు, ఎందుకంటే ఆ నేల ఇప్పుడు అమరావతి. రుద్రమ రాసిచ్చిన వెలగపూడిలోనే 2016లో రాష్ట్ర సచివాలయం తెరిచారు. 2017లో అసెంబ్లీ అక్కడే కూర్చుంది. మల్కాపురం ఆ గోడల పక్క ఊరు. 2015లో భూసమీకరణ జరిగినప్పుడు భూమి ఇచ్చిన రైతుకి తిరిగి ఎంత ప్లాటు, ఎకరాకి ఏటా ఎంత కౌలు అని పట్టికలు వేశారు. భూమి లేని కూలీ కుటుంబానికి నెలకి 2,500 రూపాయల పింఛను పదేళ్ళ పాటు అన్నారు. 1261 నాటి జాబితాతో పోలిస్తే ఇది ముందడుగే. కనీసం భూమి లేనివాళ్ళకి ఒక గడి కేటాయించారు. కానీ 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన రాగానే మందడం, వెలగపూడి రోడ్ల మీద దీక్షా శిబిరాలు వెలిశాయి. భూమి ఇచ్చినవాళ్ళు, ఎక్కువగా ఆడవాళ్ళు, ఒప్పంద కాగితాలు చూపిస్తూ కూర్చున్నారు. టీవీలో అది చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ స్తంభమే. తండ్రి నోటిమాటని కూతురు రాతి మీద పెట్టించింది అదే ఊరి విషయంలో. పాలకుడు మారినా మాట మారకూడదన్న భయం అప్పటికే ఉండబట్టే రాయి అవసరమైంది.

ఇక సత్రం గుమ్మం సంగతి. కురిచేడు పేరు బయటి ప్రపంచం విన్నది ఒకే ఒక్కసారి, 2020 జులై ఆఖర్లో. లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూసేస్తే శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో గుడి దగ్గర అడుక్కుని బతికేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ వారం హైదరాబాదులో నాకు ఫోన్లు వచ్చాయి, “మీ ఊరేనా?” అని. అవును మా ఊరే. మా ఊళ్ళో గుడి ముందు పడుకునేవాళ్ళని రోజూ దాటుకుని నడిచినవాళ్ళమే అందరం. వాళ్ళకి గుళ్ళోంచి ప్రసాదం వెళ్ళేది, చేతిలో రూపాయి పడేది. వాళ్ళ ఆరోగ్యం గురించి ఎవరి పుస్తకంలోనూ పద్దు లేదు. వ్యసనాన్ని మందుతో మాన్పించే వైద్యుడి దాకా వాళ్ళని చేర్చే దారి కూడా లేదు. గోళకీ మఠం వాళ్ళు నిజంగా చండాలుడి దాకా అందరికీ అన్నం పెట్టారో లేదో, ఆ గుమ్మం దగ్గర నిలబడి చూసిన సాక్షి ఎవరూ మనకి రాసిపెట్టలేదు. కానీ గుమ్మం దగ్గరికి వచ్చేవాడు సంస్థ బాధ్యత అని, ఖర్చు ఫలానా వాటాలోంచి అని వాళ్ళు ఒప్పుకున్నట్టు ఆధారం ఉంది. మాకు ఆ ఒప్పుకోలు కూడా లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. మఠం ఎందుకు పోయింది, గుడి ఎందుకు మిగిలింది?

మా పనిలో ఏ వ్యవస్థని చూసినా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. ఇందులో ఏ ఒక్కటి ఆగిపోతే మొత్తం ఆగిపోతుంది? గోళకీ మఠానికి జవాబు తేలిక. రాజు. గురువు రాజుకి దీక్ష ఇచ్చాడు, రాజు గురువుకి ఊళ్ళిచ్చాడు. విశ్వేశ్వరశంభువు మందడంతో ఆగలేదు. కాళేశ్వరంలో, ఏలేశ్వరంలో, ఇంకా చాలా చోట్ల మఠాలు, లింగాలు స్థాపించాడని మల్కాపురం శాసనమే చెబుతుంది. ఎన్ని కొమ్మలు వేసినా వేరు మాత్రం ఓరుగల్లు కోటలోనే. 1323లో ఢిల్లీ సైన్యం ఆ కోటని పట్టుకుంది, ప్రతాపరుద్రుడి కథ ముగిసింది. తర్వాత వచ్చిన రెడ్డిరాజులకీ, విజయనగరం వాళ్ళకీ వేరే గురువులున్నారు. శ్రీశైలంలో వీరశైవుల భిక్షావృత్తి మఠం పెద్దదైంది. దాని పీఠాధిపతి ముక్తిశాంతయ్య ప్రోత్సాహంతోనే గౌరన నవనాథచరిత్ర రాశాడు.

సాహిత్యం చదివేవాళ్ళకి ఇక్కడ ఇంకో కారణం కనబడుతుంది. గోళకీ ఆచార్యులు సంస్కృతంలో చదివారు, సంస్కృతంలో చెప్పారు, సంస్కృతంలో చెక్కించారు. అదే కాలానికి అటూ ఇటుగా పాల్కురికి సోమనాథుడు ద్విపదలో, జనం నోటికి పట్టే తెలుగులో బసవణ్ణ కథ, మల్లికార్జున పండితుడి కథ చెప్పాడు. మఠం చేతిలో ఊళ్ళున్నాయి, సోమన చేతిలో పాట ఉంది. ఊళ్ళు పోయాయి. మనలో ఎవరికైనా తెలుగు శైవం అంటే సోమన గుర్తొస్తాడు. విశ్వేశ్వరశంభువు గుర్తొచ్చేది శాసనాలు చదివేవాళ్ళకే. ఆసుపత్రికి డబ్బు కేటాయించిన శైవం తెలుగులో ఒక్క కథగా కూడా మిగల్లేదన్నది నాకు బాధగానే ఉంటుంది. దాని గురించి ఎవరో ఒక బెస్త పిల్లకో, వంటవాడికో తెలిసిన నాలుగు ముక్కలు ద్విపదలో ఉండుంటే ఎంత బాగుండేది.

త్రిపురాంతకం గుడికి కూడా రాజులు ఇచ్చారు. కానీ అక్కడ ఇంకో రకం దాతలు కూడా ఉన్నారు. ఆ కాలపు ఆంధ్రదేశపు గుళ్ళన్నిట్లో కనబడే దానం అఖండదీపం. దీపం ఎప్పుడూ ఆరకూడదు, దానికి రోజూ నెయ్యి కావాలి. అందుకని దాత సాధారణంగా పాతిక ఆవులో, యాభై గొర్రెలో గుడికి ఇస్తాడు. గుడి వాటిని ఒక గొల్లకి అప్పజెబుతుంది. మేపుకునేది అతను, పెంచుకునేది అతను, రోజూ ఇంత నెయ్యి గుడికి కొలిచేదీ అతనే. ఒక్కో దీపం వెనక ఒక దాత, ఒక మంద, ఒక కాపరి కుటుంబం. కృష్ణ ఒడ్డు నల్లరేగడిలా కాదు మా పడమటి ప్రకాశం నేల. రాళ్ళు, చిట్టడవి, తక్కువ వాన. ఇక్కడ సంపద అంటే మందే. అందుకే త్రిపురాంతకం పుస్తకాల్లో పశువుల దానాలు అంతగా కనబడతాయి. ఒక దీపం ఆరితే ఇంకో దీపం వెలుగుతూనే ఉంటుంది. సామంతుడు ఓడిపోతే అతని దీపం పోతుంది, గొల్లవాళ్ళ నెయ్యి ఆగదు. ఇది నా లెక్క. చరిత్రకారులు ఇంకొన్ని కారణాలు కలపొచ్చు. కానీ మా ఇంట్లోవాళ్ళు చేసేది చూస్తే నాకు ఇదే నిజమనిపిస్తుంది. పురుడైతే నూటపదహార్లు, బోరు పడితే ఒక బస్తా బియ్యం. చిన్న చేతులు, చాలా చేతులు. రాజు ఎవరో ఆ చేతులకి అక్కర్లేదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది, దాన్ని దాటుకుని పోలేను. చిన్న చేతులు దీపాన్ని బతికించాయి, ప్రసూతిశాలని బతికించలేదు. దీపానికి రోజుకి ఇంత నెయ్యి చాలు. ప్రసూతిశాలకి వైద్యుడు కావాలి, జీతం కావాలి, రాత్రి రెండింటికి తలుపు తీసే మనిషి కావాలి, ఎవరు ఎంత ఇచ్చారో ఎంత ఖర్చయిందో రాసేవాడు కావాలి. మొక్కుల డబ్బుతో అవి వాటంతట అవి పుట్టవు. మఠం దగ్గర ఆ యంత్రాంగం ఉంది, జనం లేరు. గుడి దగ్గర జనం ఉన్నారు, ఆ యంత్రాంగం లేదు. మా నాయనమ్మ బిడ్డ పోయింది ఈ రెంటి మధ్య ఖాళీలో.

ఆ ఖాళీని తర్వాత ప్రభుత్వం పూడుస్తుందనుకున్నాం, కొంత పూడ్చింది కూడా. మా పొలాలకి వచ్చే నీళ్ళు సాగర్ కుడి కాలువవి. విశ్వేశ్వరశంభువు మఠం పెట్టిన ఏలేశ్వరం ఆ సాగర్ కిందే మునిగిపోయింది. మునిగేముందు తవ్వి తీసినవి తీశారు, మిగతాది నీళ్ళ కింద ఉంది. ఆ నీళ్ళు కాలువలో మా దాకా వచ్చి మిరప చేలకి పారుతున్నాయి. ఇందులో ఏదో న్యాయం జరిగిందని నేను అనను. ఒక కాలపు ధర్మసంస్థ మీంచి ఇంకో కాలపు ప్రజాసంస్థ నీళ్ళు పారించింది, అంతే. కానీ ఆ కాలువ మా నాయన తరాన్ని వలస పోకుండా ఆపింది. 108 బండి మా చెల్లెల్ని కాన్పుకి సమయానికి చేర్చింది. వీటికి ఎవరూ స్తంభం ఎత్తలేదు, ఎవరూ ఫార్వర్డు కూడా చేయరు.

మల్కాపురం రాతి మీద నాకు ప్రసూతిశాల కంటే ఎక్కువ నచ్చిన భాగం ఒకటుంది. మఠాధిపతికి ఏడాదికి నూరు నిష్కాలు జీతం నిర్ణయించి, ధర్మకార్యాలన్నీ చూసే బాధ్యత అప్పజెప్పాక, అతను దారి తప్పితే శైవ సమూహం అతన్ని తీసేసి ఇంకొకర్ని పెట్టుకోవచ్చని రాశారు. గురువు దైవంతో సమానమని చెప్పే పరంపర అది. రాజే వచ్చి పాదాల దగ్గర కూర్చునే పీఠం. అలాంటి పీఠం మీద కూర్చునేవాడు కూడా చెడిపోవచ్చని, చెడితే ఏం చేయాలో ముందే రాసిపెట్టాలని అనుకున్నారు. దాన్ని ఎవరైనా ఎప్పుడైనా వాడుకున్నారా అన్నది వేరు సంగతి. అలా రాయాలని తోచడమే నాకు ముఖ్యం.

ఈసారి మా గ్రూపులో ఆ పసుపు అక్షరాల బొమ్మ వచ్చినప్పుడు నేను కింద మూడు వాటాల లెక్క టైప్ చేసి పెట్టాను. గుడికి ఎంత, చదువుకి ఎంత, ప్రసూతిశాలకీ ఆరోగ్యశాలకీ అన్నానికీ కలిపి ఎంత అని. మా మేనత్త కొడుకు అడిగాడు, “మరి ఇప్పుడు మన గుడి హుండీలో మూడో వాటా ఎంతరా?” అని. ఎవరూ జవాబు రాయలేదు. రాత్రికి మా అమ్మ విడిగా ఫోన్ చేసింది. “ఆ ప్రసూతిశాలలో మంత్రసాని ఎవరో రాశారా?” అని అడిగింది.

వైద్యుణ్ణి రాశారు, లెక్కలు రాసేవాణ్ణి రాశారు. మంత్రసాని మాత్రం నాకు ఆ జాబితాలో కనబడలేదని చెప్పాను. “మరి కాన్పులు ఎవరు చేశారంటా?” అంది మా అమ్మ.